నల్ల పొట్ట ఎవరికి కనబడుతుంది?

సాలమాండర్ ఫొటోలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. కొండవాగు, పాకుడు పట్టిన గులకరాళ్లు, వాటి మధ్య వాటి రంగులోనే ఒక జీవి. చూడ్డానికి బల్లిలా ఉంటుంది గాని పొలుసులుండవు, ఒళ్లంతా తడి. బల్లికంటే కప్పకే దగ్గరి చుట్టం. ఫొటో కింద రాసే మాట కూడా ఎప్పుడూ ఒకటే: వాగు అడుగులో ఎలా కలిసిపోయిందో చూడండి, శత్రువు కంట పడకుండా ప్రకృతి దీనికి ఈ రంగు ఇచ్చింది.

ఫొటోతో నాకు పేచీ లేదు. అది తీయడానికి ముందు జరిగిన ఒక పనిని ఎవరూ చెప్పకపోవడంతోనే పేచీ. ఫొటో తీసినవాడు రాయి ఎత్తాడు. ఆ జీవి పగలంతా ఆ రాతి కిందే ఉంది. అక్కడ వెలుతురు లేదు, చూసే కన్ను లేదు. కాబట్టి కలిసిపోవడానికి నేపథ్యమూ లేదు. రాయి లేచాక పడిన ఎండలో, కెమెరా ఎదుట, ఒక నేపథ్యం అప్పటికప్పుడు పుట్టుకొచ్చింది. మనమే తెర కట్టి, మనమే దీపం పెట్టి, తోలుబొమ్మ తెర మీద భలే ఒదిగిందని మనమే ఈల వేస్తున్నాం.

వాగు సాలమాండర్ రంగు వాగు అడుగును బట్టి ఉంటుందని, దానికి కారణం శత్రువు కన్నేనని పిల్లల సైన్స్ పుస్తకాలు చెబుతాయి, టీవీ చెబుతుంది, ప్రకృతి ప్రేమికులు ఒకరికొకరు చెప్పుకుంటారు. నేను ఖండిస్తున్నది ఈ మాటనే. రంగు దాక్కోవడానికి పనికిరాదని నేననడం లేదు. పనికొచ్చిన చోట్లున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. పోలిక కనబడగానే కారణం దొరికిపోయిందనుకోవడమే నాకు మింగుడుపడనిది. ఎవరి కంటికి? ఏ వేళప్పుడు? ఒంట్లో ఏ భాగం? ఈ మూడూ అడక్కుండా చెప్పే రంగు కథ కథగానే మిగులుతుంది.

ఆవు వ్యాసం సంగతి తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్టు గురించి రాయమన్నా, కుర్రాడు ఆవును తోలుకొచ్చి ఆ చెట్టుకే కట్టేస్తాడు. జంతువుల రంగుల విషయంలో అలాంటి వ్యాసం రాసినాయన అబట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు. మామూలు మనిషి కాదు. పైనుంచి ఎండ పడే జంతువుకు వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉంటే, వెలుగూ నీడా ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఒంటి గుండ్రదనం కంటికి అందకుండా పోతుందని 1896లోనే పట్టుకున్నాడు. ఆ సూత్రం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచే ఉంది. అయితే అంతటితో ఆగలేదు. కొడుకు జెరాల్డ్ పేరు మీద 1909లో వచ్చిన లావుపాటి పుస్తకంలో జంతులోకంలోని రంగులన్నీ దాక్కోవడానికేనని తేల్చేశాడు. నెమలి అడవిలో కలిసిపోతుందట. ఫ్లెమింగోలు గులాబీ రంగులో ఉండేది సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో ఆకాశంలో కలిసిపోవడానికట. పులికాట్ సరస్సు ఒడ్డున మిట్టమధ్యాహ్నం నిలబడి చూసినవాళ్లకు, కిలోమీటరు దూరం నుంచే ఆ పక్షుల బారు ఎలా కనబడుతుందో తెలుసు. పైగా ఆ గులాబీ రంగు తిండిలోంచి వచ్చే కెరోటినాయిడ్ల రంగు.

థేయర్ మీద విరుచుకుపడింది మాజీ అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్. 1911లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ బులెటిన్‌లో నూరు పేజీలు దాటిన ఖండన రాశాడు. ఆయన వేటగాడు. జంతువు అడవిలో ఎప్పుడు కనబడుతుందో, ఎప్పుడు కనబడదో తుపాకీ పట్టుకుని నేర్చుకున్నవాడు. కొన్ని విషయాల్లో ఆయనా అతిగానే పోయాడు. అయినా ఆయన అడిగిన మౌలికమైన ప్రశ్నకు ఈనాటికీ వయసు మీరలేదు: దాక్కోవడానికే అంటున్నావు సరే, ఎవరి నుంచి, ఎప్పుడు?

ఆ ప్రశ్నను సాలమాండర్ దగ్గరికి తెద్దాం. థేయర్ సూత్రంతోనే మొదలుపెడదాం, పొట్టతో.

అమెరికా తూర్పున అపలాచియన్ పర్వతాల దక్షిణ కొసలో, గ్రేట్ స్మోకీ నేషనల్ పార్క్ ఒక్కదానిలోనే ముప్పై దాకా సాలమాండర్ జాతులున్నాయి. ప్రపంచానికి సాలమాండర్ రాజధాని అని ఆ చోటికి పేరు. వాటిలో ఎక్కువ వాటికి ఊపిరితిత్తులుండవు, చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీలుస్తాయి. అక్కడి కొండవాగుల్లో డెస్మోగ్నాథస్ ప్రజాతికి చెందిన ఒక మోటు జీవి ఉంది. దానికి ఇంగ్లీషు పేరే బ్లాక్‌బెల్లీ, నల్లపొట్టది. పెరిగితే జానెడు పొడవుంటుంది. వీపు మీద ముదురు గోధుమ, నాచు రంగుల మచ్చలుంటాయి, వాగు రాళ్లకు బాగానే సరిపోతాయి. పొట్ట మాత్రం పెద్దయ్యేసరికి బొగ్గులా ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు అదే పొట్ట లేతగా ఉండేది.

ఆ నల్ల పొట్ట రాతికి ఆని ఉంటుంది. దాన్ని చూసేదెవరు? ఏ నేపథ్యంలో కలవడానికి అది నల్లబడింది? థేయర్ సూత్రం ప్రకారం పొట్ట లేతగా ఉండాలి, ఇది అడ్డం తిరిగింది. హెచ్చరిక రంగు అందామంటే, పొట్టతో హెచ్చరించే జీవులు దాన్ని చూపిస్తాయి. అమెరికా పశ్చిమ తీరపు వాగుల్లో టరీకా అనే న్యూట్ రకం సాలమాండర్ ఉంది. వీపు మట్టి రంగు, పొట్ట నారింజ. బెదిరితే నడుము విల్లులా వంచి, తల, తోక పైకెత్తి ఆ నారింజను ప్రదర్శిస్తుంది. చర్మంలో టెట్రోడోటాక్సిన్ విషం ఉంది కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదు. బ్లాక్‌బెల్లీకి అలాంటి విద్య లేదు. దాని పొట్ట నలుపు చూసేవాళ్ల కోసం పుట్టిన నలుపు కాదు. వయసుతో పాటు చర్మంలో మెలనిన్ పేరుకోవడం ఈ ప్రజాతికి అలవాటు. దగ్గరి జాతుల్లోనూ ఇదే తంతు: పిల్లప్పుడు వీపు మీద స్పష్టంగా ఉన్న చారలు, మచ్చలు ముసలితనానికి మాసిపోయి, కొన్ని మగవి దాదాపు నిండు నలుపుకు తిరుగుతాయి. వాగు అదే, రాళ్లు అవే, జీవీ అదే. నేపథ్యం రవ్వంత మారకుండా రంగు మారిపోయింది. అడుగే రంగును నిర్ణయిస్తే, పిల్లకూ ముసలిదానికీ మధ్య ఈ తేడా ఎక్కడినుంచి వచ్చినట్టు?

అదే కొండల్లో మరో జీవి, సూడోట్రైటాన్ రూబర్. పేరుకు తగ్గట్టే ఎర్రనిది, మిరపపండంత ఎరుపు, దాని మీద నల్ల చుక్కలు. ఊటల దగ్గర, చిన్న వాగుల్లో, నాచు కింద, తడి ఆకుల కింద ఉంటుంది. దాని లార్వా అదే నీళ్లలో గోధుమ రంగులో రెండు మూడేళ్లు గడుపుతుంది. తర్వాత ఎర్రబడుతుంది. ఇంకా ముసలైతే ఊదా కలిసిన మట్టి రంగుకు దిగుతుంది. ఒకే వాగులో ఒకే ప్రాణికి మూడు వేషాలు. గోధుమ దశను ఫొటో తీసి పోలిక చూపించేవాళ్లు ఎర్ర దశ దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు. అది దాక్కోవడం కాదు, మిమిక్రీ అంటారు. ఎర్రని విషపు ఈఫ్ట్‌ను, అంటే తూర్పు అమెరికా న్యూట్ నేల మీద గడిపే పిల్లదశను, అది అనుకరిస్తోందట.

కావచ్చు. ఆ వాదన ఊహ మాత్రమే కాదు. బ్రాడీ, హోవర్డ్ అనే ఇద్దరు 1970ల మొదట్లో పక్షుల చేత తినిపించి చూసిన ప్రయోగాలున్నాయి. స్మోకీ కొండల్లోనే ఎర్ర బుగ్గల సాలమాండర్‌ను అనుకరించే డెస్మోగ్నాథస్ జాతికి శాస్త్రవేత్తలు ఇమిటేటర్ అని పేరే పెట్టారు. నేరెళ్ల వేణుమాధవ్ గారి గొంతు విన్నవాళ్లకు మిమిక్రీ అంటే ఏమిటో తెలుసు: అసలు మనిషిని విన్నవాడికే ఆ అనుకరణ రుచి. ఇక్కడా అంతే. ముందు విషపుదాన్ని తిని నాలుక కాల్చుకున్న పక్షి ఉండాలి. కానీ ఇమిటేటర్ జాతిలో బుగ్గలు ఎర్రబడేవి కొన్నే, మిగతావి ఎరుపు లేకుండానే ఆ కొండల్లో బతికేస్తున్నాయి. ఇక పెద్ద రూబర్ ఈఫ్ట్‌కంటే రెండింతలు పైగా పొడవుంటుంది. పైగా దాని చర్మంలోనే సొంత విషం ఉందని 1981లో తేలింది. అలాంటప్పుడు అది ఎవర్నో అనుకరిస్తోందా, తన విషాన్ని తానే చాటుకుంటోందా?

ఈ చర్చలో ఎటు మొగ్గినా నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం వాదించే పద్ధతి మీద. రంగు అడుగుతో కలిస్తే ‘దాక్కుంది’. కలవకపోతే ‘హెచ్చరించింది’. విషం లేకుండా హెచ్చరిస్తే ‘అనుకరించింది’. సగం కలిసి సగం కలవకపోతే ‘ఒంటి గీతను ముక్కలు చేసి కన్ను చెదరగొట్టింది’. ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ తప్పు కాదు, ఒక్కోదానికి ఎక్కడో ఓ చోట రుజువుంది. నాలుగింటినీ జేబులో పెట్టుకుని, ఎదురైన ప్రతి జీవికీ వాటిలోంచి అతికేదొకటి తీసి అంటించడంతోనే తంటా. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు కనీసం మూడే అన్న మాట మీద నిలబడ్డాడు. వీళ్లు కుందేలును బట్టి కాళ్ల లెక్క మారుస్తారు.

కన్ను సంగతికి వద్దాం. 1978లో జాన్ ఎండ్లర్ జంతువుల రంగుల మీద రాసిన ఒక పత్రం ఈ రంగంలో పునాదిరాయి లాంటిది. నేపథ్యంతో కలవడమంటే ఏమిటో ఆయన నిక్కచ్చిగా చెప్పాడు: వేటాడే జీవి చూపుకు, వేట ముప్పు ఎక్కువగా ఉండే వేళలో, ఉండే చోటులో, ఎర ఒంటి మీది రంగులు నేపథ్యంలోంచి ఎక్కడో ఒక ముక్క కోసి తెచ్చినట్టు ఉండాలి. ఈ వాక్యంలో మనిషి కన్నుకు చోటు లేదు. ఫొటోకు అంతకన్నా లేదు.

వాగు సాలమాండర్లకు ముప్పు ఎక్కువైన వేళ ఏది? చాలా జాతులు రాత్రిపూట బయటికొస్తాయి. రాళ్ల కింద నుంచి తల బయటపెట్టి పురుగుల కోసం కాచుకునేది చీకటి పడ్డాకే. ఆ చీకట్లో వాటి వెంట పడేదెవరు? మన చుంచులకు బంధువైన పొట్టితోక ష్రూ ఒకటి. దానికి కళ్లు ఉన్నాయంటే ఉన్నాయి, చూపు నామమాత్రం. ముక్కుతోనూ మూతి మీసాలతోనూ వేటాడుతుంది, చీకట్లో కీచుమని అరిచి ఆ ప్రతిధ్వనితో దారి వెతుక్కుంటుంది. గార్టర్ పాములు, నీటిపాములు నాలుక ఆడిస్తూ వాసన రుచి చూసుకుంటూ వస్తాయి. రకూన్ నీళ్లలో చేతులు పెట్టి, చూపు ఎటో ఉంచి, రాళ్ల సందుల్లో తడుముతుంది. క్రేఫిష్ మీసాలతో, వాసనతో వెతుకుతుంది. అదే వాగులో ఉండే పెద్ద స్ప్రింగ్ సాలమాండర్ తనకంటే చిన్న సాలమాండర్లను రాత్రిపూటే మింగుతుంది. వీళ్లలో ఎవరి నుంచి తప్పించుకోవడానికి గోధుమ రంగు సాయపడుతుంది? తడిమే చేతికి రంగేమిటి?

పగటి శత్రువులు లేరని అనడం లేదు. పక్షులున్నాయి, ట్రౌట్ చేపలున్నాయి. వాటికి కళ్లున్నాయి, కానీ మన కళ్లు కావు. సన్‌ఫిష్ అనే చేప రెటీనాలో రంగు తెలిసే కణాలు రెండు రకాలే, మనకు మూడు. పక్షికి నాలుగు, అందులో ఒకటి అతినీలలోహితాన్నో దానికి అంచున ఉన్న ఊదానో పట్టుకుంటుంది. మన కంటికి రాయిలా కనబడేది పక్షికి రాయిలా కనబడాలన్న నియమం లేదు. దీనికి ఈ మధ్య ఒక విచిత్రమైన ఉదాహరణ దొరికింది. 2020లో లాంబ్, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు 32 జాతుల ఉభయచరాల మీద నీలి కాంతి వేసి చూశారు. వాటిలో సాలమాండర్లే ఎక్కువ. అన్నీ ఆకుపచ్చగా మెరిశాయి. ఇన్నాళ్లూ మట్టి రంగు అనుకుని మనం లెక్కలు కట్టిన ఒళ్లు ఇవే. ఆ మెరుపు వాగులో దేనికో పనికొస్తుందని కూడా అనను, అంటే నేనూ ఆవును చెట్టుకు కట్టినవాడినవుతాను. ‘కలిసిపోయింది’ అన్న మాటకు ముందు ‘నేను చూస్తే’ అన్న రెండు ముక్కలు చేర్చుకోమనే నా విన్నపం.

ఇక ప్రత్యర్థి పక్షంలో బలమైన వాదన ఒకటుంది. దాన్ని దాటేసి పోతే ఇది ఖండన అనిపించుకోదు. నా ప్రత్యర్థుల తరఫున దాన్ని నేనే బలంగా వినిపిస్తాను.

కెంటకీ రాష్ట్రం నడిబొడ్డున సున్నపురాతి వాగులున్నాయి. అక్కడ 1989లో క్రౌస్, పెట్రాంకా విడి జాతిగా గుర్తించిన స్ట్రీమ్‌సైడ్ సాలమాండర్ ఉంటుంది, శాస్త్రీయ నామం ఆంబిస్టోమా బార్బూరై. వాగు రాళ్ల అడుగు వైపున గుడ్లు అంటిస్తుంది. పిల్లలు వాగులోనే పెరుగుతాయి. ఆ వాగులు రెండు తీరులు. వేసవికి ఎండిపోయేవి కొన్ని. వాటిలో చేపలుండవు. అక్కడ లార్వాకు ఒకటే తొందర, నీళ్లు ఇంకేలోపు గబగబా తిని, పెరిగి గట్టెక్కాలి. నీళ్లు నిలిచే మడుగులున్నవి మరికొన్ని. అక్కడ గ్రీన్ సన్‌ఫిష్ అనే చేప ఉంటుంది, లార్వా కదిలితే మింగేస్తుంది. పగటి చూపున్న శత్రువు, లేత రంగు రాతి అడుగు, తెరిచిన నీళ్లలో తిరిగే మెత్తటి పిల్ల. రంగు దాపు పనిచేయాల్సిన చోటంటూ ఉంటే అది ఇదే.

పనిచేసింది కూడా. ఆండ్రూ స్టోర్ఫర్, ఆయన సహచరులు 1999లో ‘ఎవల్యూషన్’ పత్రికలో ప్రకటించిన పని ఈ లార్వాల రంగు మీదే. రంగు తేడాలకు జన్యువుల పునాది ఉందని, చేపల వేట ఒత్తిడికి ఆ రంగు లొంగుతుందని చూపించారు. ఇది ఊరికే పోలిక చూసి చెప్పిన మాట కాదు, కొలిచి చెప్పింది. అందుకే దానికి తల వంచుతాను.

అదే పత్రంలో రెండో సగం ఉంది, దాన్ని ఫొటో వ్యాఖ్యలు రాసేవాళ్లు చదవరు. చేపలున్న వాగుల్లో కూడా కొన్నిచోట్ల పోలిక సరిగా కుదరలేదు. చేపలు లేని వాగులు దగ్గర్లో ఉండి, అక్కడి సాలమాండర్లు వచ్చి జతకట్టేచోట, వాటి జన్యువులు కలిసి, ఇక్కడి ఒత్తిడి చెక్కిన రంగును మళ్లీ చెరిపేస్తున్నాయి. అంతకు ముందు ఏడాది స్టోర్ఫర్, సై కలిసి ప్రవర్తన విషయంలోనూ ఇదే చూపించారు. చేప ఎదుట కదలకుండా ఉండాల్సిన పిల్లలు, పక్కవాగు రక్తం కలిసిన చోట అనవసరంగా తిరుగుతూ చేప నోట్లో పడుతున్నాయి. ఊరి కట్టుబాటు ఎంత గట్టిదైనా పొరుగూరి సంబంధాలు కలుస్తుంటే నడవడి మారుతుంది కదా, అలాగన్నమాట. ప్రకృతి వరణం పనిచేస్తున్న చోట కూడా, దాని ఫలితం అడుగు రంగుతో అచ్చంగా సరిపోవాలని లేదు. వాగులో కనబడే రంగు ఆ వాగు ఒక్కదాని కథ కాదు. పక్కవాగు కథ, వలసల కథ, తాతముత్తాతల కథ కూడా అందులో కలిసి ఉంటాయి. ఒక వాగులోని జీవి రంగును ఆ వాగు అడుగు పక్కన పెట్టి చూపించే ఫొటోలో వీటిలో ఏదీ పడదు.

కెంటకీ సాక్ష్యంలో రెండో భాగం రంగు మార్పిడి. 2003లో గార్సియా, సై ఈ లార్వాలను ముదురు అడుగు మీద, లేత అడుగు మీద పెట్టి చూశారు. ముదురు మీద ముదిరాయి, లేత మీద తేలిపోయాయి. చూశారా, అడుగు మారితే రంగు మారింది, ఇంతకన్నా రుజువేం కావాలి అంటారు. కావాలి. ఎందుకంటే ఆ ప్రయోగంలో వాగు జీవి పక్కన దాని తోబుట్టువు జాతి ఆంబిస్టోమా టెక్సానమ్ కూడా ఉంది. అది గుంటల్లో, చెరువుల్లో గుడ్లు పెట్టే జీవి. అదీ రంగు మార్చింది. అంటే ఈ విద్య వాగు నేర్పింది కాదు. వాగుకు రాకముందే ఉన్న సొత్తు. కప్ప తోకపిల్లల్లో ఉంది, చేపల్లో ఉంది. వాగు సాలమాండర్ దాన్ని వారసత్వంగా తెచ్చుకుంది, వాగు దాన్ని ఎంతో కొంత సానబెట్టి ఉండొచ్చు. సానబెట్టడం వేరు, కనిపెట్టడం వేరు.

ఆ రంగు మార్పిడి ఎలా జరుగుతుందో చూస్తే మరో చిక్కు బయటపడుతుంది. చర్మంలో మెలనోఫోర్లనే కణాలుంటాయి. వాటిలో మెలనిన్ రేణువులు కొమ్మల చివరిదాకా పరుచుకుంటే ఒళ్లు ముదురుతుంది, నడుమ ముద్దగా చేరితే పాలిపోతుంది. పరుచుకోమని చెప్పే హార్మోన్ పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. ఆ గ్రంథి తీసేస్తే కప్ప పాలిపోవడాన్ని 1920లలో లాన్స్‌లాట్ హాగ్‌బెన్ చూపించాడు. ముద్దగా చేరమని చెప్పేది మరొకటి. ఆవు పీనియల్ గ్రంథి పదార్థం పెడితే తోకకప్పలు తేటబడిపోవడం 1917లోనే చూశారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ ఆ పదార్థాన్ని విడదీసి, కప్ప చర్మంలోని మెలనిన్ మీద దాని ప్రభావాన్ని బట్టి మెలటోనిన్ అని పేరు పెట్టాడు. నిద్ర పట్టడానికని ఇప్పుడు హైదరాబాద్ మందుల షాపుల్లో దొరికే బిళ్ల అదే. కప్ప రంగు నుంచి పుట్టిన పేరని కొనేవాళ్లకు తట్టదు.

మెలటోనిన్ చీకట్లో ఊరుతుంది. దాని పర్యవసానంగా ఉభయచరాల లార్వాలు చాలా జాతుల్లో చీకటి పడితే పాలిపోతాయి. ఇప్పుడు దాపు సిద్ధాంతంతో దీన్ని కలిపి చూడండి. చుట్టూ నీళ్లు, రాళ్లు, ఆకాశం అన్నీ నల్లబడ్డ వేళ ఈ జీవి తెల్లబడుతుంది! చలికి మళ్లీ ఇంకో తీరు. ఉభయచరాలు చల్లబడితే ముదురుతాయి, వేడెక్కితే లేతబడతాయి. రాయి రంగు చలికి మారదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఇంకొకటి. ఆరెగాన్ కొండల్లోని లాంగ్‌టోడ్ సాలమాండర్ లార్వాలు ఆ కిరణాలకు ముదురుతాయని 2002లో బెల్డెన్, బ్లాస్టీన్ చూపించారు.

ఇక్కడ నా పక్షంవాళ్లకూ ఓ దెబ్బ ఉంది, చెప్పకపోతే అన్యాయం. ముదిరింది కాబట్టి అది గొడుగు అని వెంటనే అనబుద్ధవుతుంది. ఆ ప్రయోగమే దానికి అడ్డు తగిలింది. ఎంత ముదిరినా ఆ కిరణాలకు గురైన లార్వాల ఎదుగుదల దెబ్బతింది. గొడుగు వేసుకున్నాయి, తడిశాయి. శత్రువు కన్ను అనే ఆవును విప్పేసి, అదే చెట్టుకు సూర్యుడు అనే గేదెను కట్టేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకే మెలనిన్ రేణువు మీద వెలుతురు, చీకటి, చలి, కిరణాలు, అడుగు రంగు, వయసు అన్నీ తలో చెయ్యీ వేసి లాగుతున్నాయి. ఏ పూట ఏ చెయ్యి గెలిచిందో కొలవాలి. ముందే తీర్పు రాసుకుని కూర్చోకూడదు.

ఊసరవెల్లి మాట ఎత్తకుండా తెలుగులో ఈ వ్యాసం పూర్తికాదు. మాట మార్చే నాయకుణ్ణి ఊసరవెల్లి అంటాం, పక్కనున్నవాళ్ల రంగు పూసుకుంటాడని అర్థం. పాపం ఆ జీవి మీద ఇది నిందే. దక్షిణాఫ్రికా మరుగుజ్జు ఊసరవెల్లుల మీద స్టువర్ట్-ఫాక్స్, మూసల్లి 2008లో ప్రకటించిన పనిలో, రంగు మార్చే సత్తా ఎక్కువ ఉన్న జాతులు రకరకాల నేపథ్యాల్లో తిరిగేవి కావని తేలింది. తమ జాతిలోని ప్రత్యర్థికీ, జతకూ కొట్టొచ్చినట్టు కనబడే సంకేతాలిచ్చేవే ఆ సత్తాలో ముందున్నాయి. అంటే దాక్కోవడానికి పేరుమోసిన జీవి ఆ విద్యను పెంచుకున్నది ఎక్కువగా కనబడటానికి. సామెతను మార్చమనను, సామెతకు శాస్త్రంతో పనిలేదు. శాస్త్రం సామెత మీద నడవకపోతే చాలు.

రంగు కాపాడకపోతే ఇవి ఎప్పుడో అంతరించేవి కదా అని చివరగా ఒక మాట అంటారు. వీటిని కాపాడేవి ఇంకా చాలా ఉన్నాయి. రాయి ఉంది. చర్మం మీద జిగురు ఉంది, కొన్నింటికి అది విషం. తోక పట్టుకుంటే తెంపుకుని పోయే జాతులున్నాయి. కదలకుండా గంటలు గంటలు ఉండగలగడం ఉంది. ఇన్నింటి మధ్య రంగుకు ఎంత వాటా ఉందో పంచి చూసినవాళ్లు ఫ్రాన్సిస్ సమ్నర్ లాంటివాళ్లు. ఆయన కాలిఫోర్నియాలో చిన్న గంబూసియా చేపలను కొన్నాళ్లు నల్ల తొట్టిలోనూ కొన్నాళ్లు లేత తొట్టిలోనూ పెంచి, వాటి రంగు కుదిరాక, రెండు రకాలనూ ఒకే తొట్టిలో వదిలి పెంగ్విన్ చేత తినిపించి లెక్కపెట్టాడు. అడుగుకు సరిపడని రంగువే ఎక్కువ పోయాయి. ఫలితం నా ప్రత్యర్థులకు అనుకూలమే. కానీ 1934లో ఆయన ఆ పత్రానికి పెట్టిన పేరు ప్రశ్న రూపంలో ఉంది: కాపాడే రంగు కాపాడుతుందా? ఆయన ముందు అడిగాడు, తర్వాత తొట్టెలు కట్టాడు. మన ఫొటో వ్యాఖ్యల్లో ఆ ప్రశ్నార్థకం ఎక్కడా కనిపించదు.

స్లొవేనియాలో సున్నపురాతి గుహల కింద పారే నీళ్లలో ఓల్మ్ అనే సాలమాండర్ ఉంది. 1768లోనే లారెంటి దానికి ప్రోటియస్ అని పేరు పెట్టాడు. పాలిపోయిన గులాబీ తెలుపు, చర్మం కప్పేసిన కళ్లు. అది కటిక చీకటి వాగు. అక్కడ అడుగుకు రంగు లేదు, చూసే శత్రువు లేడు. తెలుపు ఎవరి కంటి కోసమూ కాదు. రంగు కట్టి నిలబెట్టే ఒత్తిడి పోయింది, రంగు రాలిపోయింది. అయితే దాన్ని తెచ్చి వెలుతుర్లో ఉంచితే కొన్నాళ్లకు ఒళ్లు నల్లబడుతుంది. వేల తరాలు చీకట్లో గడిచినా మెలనిన్ చేసే పనిముట్టు లోపల అలాగే ఉంది.

1986లో అదే దేశంలో, బేలా క్రాయినా ప్రాంతంలో, ఒక ఊట దగ్గర మరో ఓల్మ్ బయటపడింది. కళ్లు కాస్త మెరుగు, తల పొట్టి, ఒళ్లు నల్లగా. అదీ భూమి కింది నీళ్లలోనే, అదే చీకట్లోనే ఉంటుంది. ఒక వాగు చీకట్లో తెల్లది, కొన్ని లోయల అవతల మరో వాగు చీకట్లో నల్లది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీయాలంటే ఫ్లాష్ కొట్టాలి. ఆ వెలుగులో ఏదో ఒకటి వెనకున్న రాతికి సరిపోతుంది.